స్పేరనుకున్న బొమ్మ

నువైద్రాత్, బహ్రెయిన్
సెప్టెంబరు 5, శుక్రవారం

అక్కా,

నేను మంచిగున్నాను. నువ్వు నేర్పిన పుస్తకం భాషలోనే మొదలుపెట్టాను చూడు. మధ్యలో మన మాట జొరబడితే ఎర్ర పెన్ను తియ్యకు. ఎప్పటిలాగే కాయితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. ఒక్కసారన్నా ఫోన్ చేసి మాట్లాడవే అంటే నాలుగేళ్లుగా నీకు బడే అడ్డం. సరే, ఉత్తరమే కానీ.

ఒక పెద్ద పరేషాన్‌లో పడ్డాను. బుదైయాలో అమెరికా సిలబస్ చెప్పే బడి ఒకటుంది. వాళ్ల నడవా గోడ పొడుగునా అమెరికా చరిత్రలో పెద్ద పెద్ద మలుపులన్నీ బొమ్మలుగా పెడతారట. ఆ పని మీనా సల్మాన్‌లో మా వర్క్‌షాపుకు వచ్చింది. ప్రింటు షాపు నుంచి వచ్చిన పన్నెండు బొమ్మలకు ప్లైవుడ్ వేసి, ఫ్రేము కట్టి, ఒక్కోదాని కింద చెక్కలో కోసిన సంవత్సరం అంకెలు బిగించాలి. ఏ బొమ్మకు ఏ సంవత్సరమో రాసిన కాయితం ఇచ్చారు. మా ఫోర్‌మన్ అచ్చిబాబు దాని మీదే చాయ్ గ్లాసు పెట్టి ఒలకబోశాడు. ఇంకు మొత్తం ముద్ద. ఆయన కాకినాడ మనిషి. "మళ్లీ వాళ్లనే అడిగితే పరువు పోద్దిరా బాబూ. మీ అక్క సోషల్ టీచరు కదా, ఆవిణ్ణి అడిగెయ్, యల్లా, తొందరగా" అన్నాడు.

అంకెలు ఇవీ: 1776, 1787, 1863, 1865, 1920, 1929, 1941, 1945, 1954, 1963, 1969, 2001. చంద్రుడి మీద మనిషి, పొగలో రెండు బిల్డింగులు, ఈ రెండూ నాకు తెలుసు. మిగతావి చూస్తే తల తిరుగుతుంది. పెట్టుడు జుట్టు, అవే తెల్ల టోపెనల వాళ్లు ఒక బొమ్మలో బల్ల చుట్టూ నిలబడ్డారు, ఇంకో బొమ్మలో కుర్చీలేసుకొని కూర్చున్నారు. సముద్రంలో పడవలు తగలబడుతున్నాయి. మా వర్క్‌షాపు వెనక గోడ అవతల అమెరికా నేవీ వాళ్ల బూడిద రంగు పడవలు దినాం చూస్తాను కాబట్టి ఇది ఇక్కడిదే అనుకొని ఒక్క నిమిషం భయపడ్డాను. రొట్టె కోసం లైన్లో నిలబడ్డ సూటూ బూటూ మనుషులున్నారు. అమెరికాలో రొట్టెకు లైనేంది అక్కా?

అసలు సంగతి ఇది కాదు. ఫిబ్రవరిలో నా లీవు వస్తుంది. రెండేళ్ల కింద వచ్చిన లీవు నువ్వు వద్దన్నావని వదులుకున్నాను. పోశన్న పెట్టిన కేసు ఏమైంది? నేను వాణ్ని పార కామ కట్టెతో కొట్టింది తప్పే. వాడు మన పాలోడు, దాయాది, చిన్నప్పటినుంచి ఒక్క కంచంలో తిన్నోళ్లం. పోలీసులు ఇంకా నా కోసం వస్తున్నారా? వాళ్ల భయానికే నీకూ, నా పెళ్లానికీ తప్ప ఊళ్లో ఎవరికీ నా నంబరు ఇవ్వలేదు. శిరీష ఫోన్ ఎత్తదు. నీ ఇంట్లోనే ఉంది కదా, ఒక్క మాట మాట్లాడమను.

నీ తమ్ముడు
దేవేందర్


మెట్‌పల్లి
సెప్టెంబరు 9

తమ్ముడూ,

తెల్ల టోపెనల వాళ్లు చదివి కడుపు పట్టుకొని నవ్వాను. తొమ్మిదో తరగతిలో నేను ఈ పాఠం చెప్తుంటే నువ్వు వెనక బెంచీలో కునికేవాడివి. ఇప్పుడు అమెరికా వాళ్ల బడికే చరిత్ర బిగిస్తున్నావు.

శ్రద్ధగా చదువు. 1776లో ఇంగ్లండు రాజుతో మాకిక సంబంధం లేదని స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. బల్ల చుట్టూ నిలబడ్డ బొమ్మ అదే. పదకొండేళ్లకు కుర్చీలేసుకొని రాజ్యాంగం రాసుకున్నారు. 1863లో బానిసలకు విముక్తి ప్రకటించారు. పొడుగాటి గడ్డం మనిషి చేతిలో కాగితం ఉంటుంది చూడు, ఆయన వాళ్ల అధ్యక్షుడు. బానిసలు ఉండాలా వద్దా అని వాళ్లలో వాళ్లే నాలుగేళ్లు కొట్టుకొని, ఆ యుద్ధం 1865లో ముగించారు. కత్తో తుపాకో కింద పెడుతున్న బొమ్మ ఏదన్నా ఉంటే అది. 1920 ఆడవాళ్లకు ఓటు వచ్చిన ఏడాది. రొట్టెల లైను 1929 తర్వాతది. పెద్ద పెద్ద బ్యాంకులే కూలిపోయి సూటు వేసుకున్నవాళ్లు కూడా వీధిన పడ్డారు. తగలబడే పడవలు 1941, జపాను వాళ్లు బాంబులేశారు. కుక్కగొడుగు లాంటి పొగ 1945, అది వీళ్లు జపాను మీద వేసింది. నల్ల పిల్లలకు వేరే బడి చెల్లదని కోర్టు చెప్పింది 1954లో. లక్షల మంది జనం నిలబడ్డది 1963, సమాన హక్కుల కోసం రాజధానిలో ఊరేగింపుగా నడిచారు. మిగతా రెండూ నీకే తెలుసు, శభాష్.

ఫిబ్రవరి సంగతి ఇప్పుడే అనుకోకు. పోలీస్‌స్టేషన్ వ్యవహారం తొందరగా తేలేది కాదు. నేను చూస్తున్నాను కదా. శిరీష బాగుంది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తుంది, చేతులు ఖాళీ ఉండవు, ఫోన్ ఎక్కడ ఎత్తుతుంది? ఒంట్లో జాగ్రత్త. పసుపు పంపాను, నిజామాబాద్ నుంచి వస్తున్న మీ లేబర్ క్యాంపు మనిషి చేతికిచ్చాను. కూరలో బయటి పసుపు వేసుకోకు.

అక్క
వినోద


నువైద్రాత్
సెప్టెంబరు 26

అక్కా,

పసుపు అందింది. చికెన్‌లో వేస్తే క్యాంపు మొత్తం వాసనకు మా గది ముందుకు వచ్చింది.

బొమ్మలు బుదైయాకు తీసుకుపోయి బిగించి వచ్చాం. నువ్వు చెప్పినట్టే అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. కత్తి కింద పెట్టే బొమ్మ ఎంత వెతికినా దొరకలేదు. దాని బదులు కాయితం బొమ్మలు రెండు వచ్చాయి. ఒకటి నీ గడ్డం మనిషిది. ఇంకోదాంట్లో ఎవరో సిపాయి పెద్ద ఇంటి మెట్ల మీద నిలబడి కాయితం చదువుతుంటాడు, కింద నల్లవాళ్లు తలలెత్తి వింటుంటారు. రెండూ విముక్తి కాయితాలే కదా. విముక్తి ఒక్కసారి ఇస్తారు, రెండుసార్లు ఎందుకిస్తారు?

మా పనిలో ఒక అలవాటుంది. ముఖ్యమైన బొమ్మ అయితే గీతలు పడితే పనికొస్తుందని ప్రింటు షాపు వాళ్లు దాని బదులుగా అదే సంగతి మీద ఇంకోటి స్పేరు పంపుతారు. అచ్చిబాబుకు చూపించాను. "ఒకటి ఎక్కువొచ్చింది, ఒకటి తక్కువొచ్చింది. ఎక్కువొచ్చింది స్పేరు, పక్కన పడెయ్. తక్కువొచ్చింది వాళ్ల గొడవ, ఖలాస్" అన్నాడు. 1865 అంకెలు గోడకు బిగించి, పైన ఖాళీ వదిలేసి వచ్చాం. స్పేరు బొమ్మకు నేను ముందే ఫ్రేము కట్టేశాను, పారెయ్యబుద్ధి కాలేదు. క్యాంపుకు తెచ్చి రెండు పెయింటు డబ్బాల మీద పెట్టాను. ఇప్పుడు నలుగురం దాని మీదే అన్నం తింటున్నాం. మంచి బల్ల అయింది.

లీవు ఫారం అక్టోబరు నెలాఖరులోపు ఇవ్వాలి. కేసు సంగతి నువ్వు చెప్తున్నట్టే చెప్తావు, ఏమీ చెప్పవు. వకీలుతో మాట్లాడావా? ఆయన పేరేంది? నాకు ఆయన నంబరు పెట్టు.

దేవేందర్


మెట్‌పల్లి
అక్టోబరు 2

దేవేందర్,

వకీలుకు నువ్వు ఫోన్ చేయాల్సిన పని లేదు. ఈసారి కూడా లీవు వద్దు. ఎందుకని అడగకు. పెద్దదాన్ని చెప్తున్నాను, విను.

పరీక్ష పేపర్లు దిద్దాలి. మళ్లీ రాస్తాను.

వినోద


నువైద్రాత్
అక్టోబరు 24, శుక్రవారం

అక్కా,

నీ చిన్న ఉత్తరం చూసి కోపం వచ్చింది. మూడు వారాలు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు, ఎందుకంటే నా బుర్ర పనిచేయడం లేదు.

మొన్న మంగళవారం ఆ బడి నుంచి పిలుపు వచ్చింది. చరిత్ర చెప్పే టీచరు మన తెలుగామే, సూర్యప్రభ గారు, విజయవాడ. నడవాలో 1865 అంకెల ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఇక్కడుండాల్సిన బొమ్మేదండీ?"

"ప్రింటు రాలేదు మేడం. 1863దే రెండుసార్లు వచ్చింది."

"రెండోది ఎలా ఉంది?"

చెప్పాను. సిపాయి, మెట్లు, కింద జనం. ఆమె నా మొహంలోకి చూసింది.

"అది ఎక్కడుందిప్పుడు?"

"క్యాంపుల ఉంది మేడం."

"క్యాంపులో దాంతో ఏం చేస్తున్నారు?"

"అన్నం తింటున్నం."

ముందు నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకొని మరీ నవ్వింది. తర్వాత నన్ను క్లాసులో పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. ఆ బొమ్మ స్పేరు కాదంట అక్కా. గడ్డం ఆయన 1863 జనవరి ఒకటిన మీరంతా విముక్తులు అని కాయితం రాశాడు. టెక్సాస్ అని దూరంగా ఒక రాష్ట్రం. అక్కడి బానిసల ముందు ఆ మాట గట్టిగా చదివి వినిపించింది 1865 జూన్ పంతొమ్మిదిన. రెండున్నరేళ్లు! ఆ రెండున్నరేళ్లూ వాళ్లు పొద్దున లేచి పత్తి చేనుకు పోయారు, దెబ్బలు తిన్నారు, కొందరు చచ్చిపోయారు కూడా. విడుదలైనట్టు వాళ్లకు తెలియనే తెలియదు.

"ఎవ్వరికీ తెల్వదా మేడం?" అని అడిగాను.

"యజమానులకు తెలుసండీ. పేపర్లు చదివేవాళ్లే కదా. బలవంతంగా అమలు చేసే సైన్యం అక్కడికి రాలేదు, వీళ్లూ చెప్పలేదు. ఈ పంట కూడా ఏరించుకుందాం, తర్వాత చూద్దాం అనుకున్నవాళ్లున్నారు" అంది.

క్యాంపుకు వచ్చి బల్ల మీద గిన్నెలు తీశాను. కింద నిలబడి వింటున్న ఒక ముసలామె మొహం మీద పసుపు మరక, చారెడంత. మన మెట్‌పల్లి పసుపు. నెల రోజులు ఆమె మొహం మీద కూర గిన్నె పెట్టి తిన్నాను. సబ్బుతో కడిగాను, స్పిరిట్ పెట్టి తుడిచాను, పోలేదు. ఎందుకో చెప్పలేను, ఏడుపొచ్చింది. పక్క మంచం బీహారీ భాయ్ నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకొని చూశాడు.

నువ్వు చరిత్ర చెప్పేదానివి. నాకొక్కటి చెప్పు. ఆ దొరలకు పాపం అనిపించదా? పనిచేసేవాళ్ల మొహాలు దినాం చూస్తూ, మీరు విడుదలైపోయారు అన్న ఒక్క మాట నోట్లో ఉంచుకొని, అన్నం ఎట్లా తిన్నారు?

ఇంకొకటి. నేను నిర్ణయించుకున్నాను. ఫారం ఇచ్చేస్తాను. ఫిబ్రవరిలో వస్తాను. పోలీసులు పట్టుకుంటే పట్టుకోని. జైలుకు పోతాను, చేసింది చేశానని జడ్జి ముందు ఒప్పుకుంటాను. ఎన్నేళ్లు వేస్తారో తెలిస్తే చాలు, లెక్క పెట్టుకొని బతుకుతాను. ఈ తెలియకపోవడమే నా వల్ల కావట్లేదు.

దేవేందర్


మెట్‌పల్లి
అక్టోబరు 28

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగు రోజులుగా ఫోన్‌లో తెరుస్తున్నాను, మూస్తున్నాను. అన్నం ఎలా తిన్నారు అని అడిగావు. నేను చెప్పగలను. మామూలుగానే తింటారు. మొదటి వారం ముద్ద దిగదు. తర్వాత దిగుతుంది.

కేసు లేదు దేవేందర్. నువ్వు వెళ్లిన మూడో వారానికే పోశన్న కంప్లయింటు వెనక్కి తీసుకున్నాడు. పోలీసులు నీ కోసం ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. వకీలు లేడు. నీతో ఈ మాట ఎత్తవద్దని ఊళ్లో తెలిసినవాళ్లందరికీ నేనే చెప్పాను. నీకు ఫోన్ చేయకుండా ఉత్తరాలే ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసిందా? నీ గొంతు వింటూ అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీద చేతనైంది.

ఎందుకని అడుగుతావు. ఆ రోజు పొద్దుగూకే వేళ నువ్వు తాగి వచ్చి, మోటారు నీళ్లు పోశన్న తన మడికి మళ్లించుకున్నాడని పార అందుకున్నావు. అది నీకు గుర్తుంది. పార అందుకునే ముందు శిరీష నీకు అడ్డం వచ్చింది. పోవద్దని నీ అంగీ పట్టుకుంది. నువ్వు ఆమె ఎడమ చెంప మీద కొట్టావు. గడప మీద పడింది. ఆ రాత్రే నువ్వు ఊరు విడిచిపోయావు, ఇది నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నాలుగేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు, అంటే గుర్తులేదనే అనుకున్నాను. ఆ చెవి నుంచి రక్తం వచ్చింది. కరీంనగర్ తీసుకుపోయాను, నిజామాబాద్ తీసుకుపోయాను. ఎడమ చెవి ఇక వినపడదు.

ఆమె ఆ చెవిలో దూది పెట్టుకొని అయిదు రోజులు పోశన్న మంచం దగ్గర కూర్చుంది. కేసు తీసేయమంది, తీసేసినట్టు నీకు మాత్రం చెప్పవద్దంది. పోశన్న అన్న మాట నేను ఈ చెవులతో విన్నాను. "నా తలకాయకు ఏడు కుట్లు పడ్డయి, మానినయి. ఆమె చెవి మానలే. ఆమె ఎట్లంటే గట్లనే" అన్నాడు. నాతో ఆమె అన్నది ఇదీ: "వదినా, ఆయన రాకుంటే నేను బతుకుత."

నీకు అక్కను నేనే, ఆమెను నీకు చేసిందీ నేనే. ఏం చేయాలో తోచలేదు. దాచాను. తప్పని ఇప్పటికీ అనలేను.

ఇక్కడితో ఆపితే నేను కొంచెం మంచిదానిలా కనిపిస్తాను. ఆపను. రెండేళ్ల కింద నీ మొదటి లీవు వచ్చినప్పుడు శిరీషే నాతో అంది, "చెప్పెయ్ వదినా, ఇగ చాలు. వస్తే రానీ, భయం పోయేదాకా దూరమే ఉంట" అని. నేను చెప్పలేదు. మీ బావ పోయిన తర్వాత ఈ ఇంట్లో తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను. ఆమె వచ్చాక సాయంత్రం బడి నుంచి వస్తే గుమ్మంలో మనిషి ఉంటుంది. నువ్వు వస్తే ఆమె నీతో పోతుందేమోనని చెప్పలేదు. మొదటి రెండేళ్లు ఆమె కోసం దాచాను. తర్వాత రెండేళ్లు నా కోసం. ఈ పంట కూడా ఏరించుకుందాం అన్నవాళ్ల సంగతి రాశావు చూడు, ప్రతిసారీ అక్కడే ఫోన్ మూశాను.

జైలు లేదు. లెక్క పెట్టుకోవడానికి ఏళ్లు కూడా లేవు. నన్ను ఏమన్నా అను.

వినోద


నువైద్రాత్
అక్టోబరు 31

వినోదక్కా,

టెక్సాసోళ్లకు రెండున్నరేండ్లు. నాకు నాలుగేండ్లు. ఆళ్లకు చెప్పక దాసిపెట్టింది దొరలు. నాకు చెప్పక దాసిపెట్టింది నా సొంత అక్క.

ఇక్కడ పోలీసు బండి సప్పుడైతే సుత గోడకు నక్కినోణ్ని నేను. సద్దాం ముంగట నిలబడ్డట్టు ఇమిగ్రేషన్ ముంగట వణికినోణ్ని. ఎవనికోసం వణికిన?

శిరీషను కొట్టినట్టు నాకు యాదికి లేదు. అబద్ధమైతే నీ పాపాన పోతవ్. నిజమైతే ఏం చెయ్యాల్నో నాకు సమజైతలేదు. నాకు ఏం రాయకు.

దేవేందర్


మెట్‌పల్లి
నవంబరు 22

తమ్ముడూ,

మూడు వారాలైంది. రాయవద్దన్నావు, ఉత్తరం రాయకుండా ఆగాను. ఇంక ఆగలేను. నేను పెట్టిన ప్రతి మెసేజీకి నీలి టిక్కులు పడుతున్నాయి కాబట్టి బతికే ఉన్నావని తెలుసు. తిట్టు, పడతాను. ఇలా ఊరుకోవద్దు.

నీ ఉత్తరాలన్నీ శిరీషకు చదివి వినిపించాను. పసుపు మరక ముసలామె దగ్గర ఆకు కత్తిరించడం ఆపి, మళ్లీ చదవమంది.

వినోద


నువైద్రాత్
డిసెంబరు 5, శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. కోపం పోలేదు. ముందే చెప్తున్నా, పోలేదు. కానీ కోపం పెట్టుకొని కూర్చుంటే ఇంకో సంగతి చెప్పలేను.

నా ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు. వచ్చిన మొదటి ఏడాది ఒక శుక్రవారం తాగి, మరునాడు మత్తు దిగకముందే డ్యూటీకి పోయి రంపం మీద చెయ్యి పెట్టాను. నీకు చెప్పలేదు. పంపిన ఫోటోలన్నిట్లో ఆ చెయ్యి జేబులో ఉంటుంది, కావాలంటే తీసి చూడు. ఆ రోజు నుంచి మందు ముట్టలేదు. మంచోణ్ని అయ్యానని కాదు, రంపం చప్పుడుకు భయం పుట్టింది. నువ్వొక్కదానివే దాచలేదు అని చెప్పడానికి రాస్తున్నా.

మొన్న ఆ బొమ్మ బిగించడానికి బుదైయా పోయాను. మరక పోలేదు, కొత్తది వేయిస్తామని అచ్చిబాబు చేతులు కట్టుకొని చెప్పాడు. సూర్యప్రభ గారు చాలాసేపు చూసి, "వద్దండీ, ఇదే ఉంచండి. పిల్లలు ఈ మరకేంటని అడుగుతారు, అప్పుడు చెప్తాను" అంది. నిచ్చెన ఎక్కి స్క్రూలు బిగించాను. 1863కు, 1865కు మధ్య జానెడు దూరం కూడా లేదు గోడ మీద.

దిగాక ఆమెను అడిగాను, "ఆ కాయితం చదివినంక వాళ్లు ఏం చేసిన్రు మేడం?" అని. "కొందరు అదే రోజు నడిచి వెళ్లిపోయారు. కొందరికి ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే ఉన్నారు. ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సి వచ్చింది" అంది.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టినట్టుంది. నెల రోజులు నేను ఆ బొమ్మలో కింద నిలబడ్డవాణ్ని అనుకున్నాను. నన్ను మోసం చేశారు, నా విడుదల దాచారు అనుకున్నాను. మరి శిరీష ఎక్కడ నిలబడింది? చెయ్యెత్తినవాణ్ని నేను. మరునాడు మరిచిపోయినవాణ్ని కూడా నేను. ఆమె తన విడుదల తనే రాసుకుంది, నేను రాకుండా ఉండడమే దాని పేరు. నువ్వు నాకు చెప్పకపోతే నేను బందీ, చెప్తే ఆమె బందీ. మరి నీ తప్పు ఎంత, నా తప్పు ఎంత, ఏదీ తెగడం లేదు. సోషల్ టీచరువు కదా, నీకన్నా తెగుతుందా?

కొట్టినట్టు గుర్తు తెచ్చుకోవాలని చాలా చూశాను. గడప గుర్తొస్తుంది. ఆమె గాజులు గుర్తొస్తాయి. మధ్యలో ఏమీ లేదు, 1865 పైన వదిలిన ఖాళీ గోడ లాగా. నాకు గుర్తులేదు కాబట్టి జరగలేదని ఇంక అనను. ఆమె చెవి ఉంది కదా సాక్ష్యం.

లీవు మంజూరైంది. టికెట్ మీద తేదీ మాత్రం వేయించలేదు. తేదీ శిరీష చెప్పాలి. రావద్దంటే రాను, రెండేళ్లకు మళ్లీ అడుగుతాను, అప్పుడూ వద్దంటే అప్పుడూ రాను. ఈసారి నువ్వు ఆమె బదులు రాయకు. నా బదులు ఆమెతో మాట్లాడకు. ఈ కాయితం ఆమె చేతిలో పెట్టు, పక్క గదిలోకి పో.

దేవేందర్


మెట్‌పల్లి
డిసెంబరు 14

తమ్ముడూ,

కింద ఉన్నది నేను రాసింది కాదు. చదవలేదు కూడా. ఫోటో తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాను, వంకరగా వచ్చి ఉంటే ఏమనుకోకు.

వినోద


దేవేందర్‌కు,

శిరీష రాస్తున్న. ఏడో తరగతి తర్వాత ఇంత పెద్ద కాయితం ఎన్నడు రాయలే. తప్పులుంటే ఉండనియ్.

కేసు తీసెయ్యమని పోశన్న బావ కాళ్లకాడ కూసున్నది నేనే. నీకు చెప్పొద్దన్నది నేనే. రెండేండ్ల కింద చెప్పుమన్నది సుత నేనే. అది చెప్పనందుకు వదినను నేను తిట్టిన, నాలుగు దినాలు మాట్లాడలే. ఇంక నువ్వు తిట్టేది ఏం లేదు.

నువ్వు వణుక్కుంట బతికినవని చదివి నాకు బాధైంది. సంతోషం సుత అయింది. రెండు ఒక్కసారే ఎట్లయితయో నాకు తెల్వది.

ఫిబ్రవరి ఎనిమిదో తారీఖు ఆదివారం. ఆ వారానికి టికెట్ తియ్యి. నేను ఎదురుచూస్తున్న అని మాత్రం అనుకోకు. వదిన ఇంట్ల దిగకు, ఆడ నేనుంటున్న, నాకు ఇంక భయం పోలే. పోశన్న బావ ఇంట్ల దిగు. నేనే పోయి అడిగిన. సరే రమ్మను అన్నడు.

పగటి పూట రా. అరుగు మీద కూసుందాం, వదిన సుత ఉంటది. తెగిన వేలు చూపియ్యి. నువ్వు చెప్పేదంత చెవిపెట్టి ఇంట. ఉండాల్నా పోవాల్నా అన్నది అంత ఇన్నంక నేను చెప్త, నువ్వు అడగొద్దు.

వచ్చినంక నా కుడి పక్కకు కూసో. ఎడమ దిక్కు కూసొని ఏం చెప్పినా నాకు ఇనపడది.

శిరీష